వెలుగు సరిపోయింది, ఇక తప్పుకో

ఒంటికన్ను గురించి చెప్పాలంటే ముందు అతని ఎడమ కంటి గురించి చెప్పాలి. కుడి కన్ను కెమెరాది. అది చూస్తున్నంతసేపూ మూసుకుని కూర్చోవడమే ఎడమ కంటి ఉద్యోగం. ఏళ్ళ తరబడి అలా మూసి మూసి ఆ వైపు బుగ్గంతా ముడతలు పడ్డాయి. కుడి పక్కనుంచి చూస్తే నడివయసు మనిషి, ఎడమ పక్కనుంచి చూస్తే వాళ్ళ నాన్న. నాటక కంపెనీలో రాక్షస వేషాలు కట్టే నటుడు ఒకరోజు ఆ పేరు పెట్టాడు. పెట్టిన రోజు ఇతనికి చిర్రెత్తుకొచ్చింది. వారం తిరగకుండానే ఆ పేరుతో పిలిస్తే పలకడం మొదలుపెట్టాడు. ఇప్పుడు అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే, ఎవరినబ్బా అని వెనక్కి తిరిగి చూస్తాడు.

బతుకుతెరువుకి ఒక స్టూడియో ఉంది. ముందు గదిలో బల్ల, వెనక గదిలో నీలం గుడ్డ, ఒక స్టూలు, గొడుగు లైట్లు. గుర్తింపు కార్డులకీ ఉద్యోగాల దరఖాస్తులకీ మొహాలు తీస్తాడు. "గడ్డం కిందికి, భుజాలు వదులు, అయిపోయింది, లేవండి." ఇంతకు మించి ఒక్క మాట ఆ గదిలో అతని నోట విన్నవాళ్ళు లేరు. అదే మనిషిని సాయంత్రం నాటకాల హాలుకి పంపించి, కిరీటం పెట్టుకున్న ఎవరినైనా ఎదురుగా నిలబెట్టండి, ఇక నోరు మూత పడదు. "అబ్బ, అలాగే ఉండండి. ఆ కోపం పోనివ్వకండి. యుద్ధానికి వెళ్తున్నారు మీరు, కూరగాయలకి కాదు." పగలు కరెంటాఫీసు కౌంటర్లో కూర్చుని జనం చేత తిట్లు తినే ఆవిడ, రాణి వేషం కట్టి అతని ముందుకొస్తే, "ఈయన కెమెరా ముందు నిలబడ్డాకే నాకు రాజ్యం వచ్చినట్టుంటుంది" అనేది. కంపెనీలో అందరూ ఆవిణ్ణి రాణిగారనే పిలిచేవాళ్ళు, ఆఫీసులో బిల్లులు కట్టడానికి వెళ్ళినప్పుడు కూడా.

ఆ మాయ సగం అతనిది, సగం అతని లెన్సుది. ఉన్న ఒక్క స్కూటరూ అమ్మేసి కొన్నాడు దాన్ని. పిడికిలిలో పట్టనంత గాజు. దాని అపర్చరు, అంటే వెలుగు లోపలికి వచ్చే కన్నం, పూర్తిగా తెరిస్తే, మసక వెలుతురులో కూడా ఫ్లాష్ అక్కర్లేకుండా బొమ్మ పడుతుంది. అంతకంటే పెద్ద సంగతి, ఫోకస్ పెట్టిన చోటు తప్ప మిగతా లోకమంతా వెన్నలా కరిగిపోతుంది. కంటి మీద ఫోకస్ పెడితే రెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తాయి. చెవి దగ్గరికి వచ్చేసరికే మెత్తబడుతుంది. వెనకున్న పెచ్చులూడిన గోడ, హ్యాంగర్లు, బక్కెట్లు, మనుషులు అంతా రంగుల పొగ. ఆ పొగ ముందు ఎవరు నిలబడినా వాళ్ళ నెత్తిన ఉన్నది అట్ట కిరీటమని ఎవరూ నమ్మరు. ఆ లెన్సు పెట్టుకుని అపర్చరు తగ్గించి ఫోటో తీయడమంటే, ఈత నేర్చుకుని గట్టు మీద కూర్చోవడమేనని అతని వాదన.

ఆ లెన్సుకి అతని భార్య పెట్టిన పేరు సవతి.

ఆమె అదే కంపెనీలో వేషాల గది చూసేది. బట్టలు కుట్టడం, చిరిగినవి అతకడం, నటులకి తొడగడం, తెర లేచే ముందు ఊడిపోయేవి ఊడకుండా పిన్నులతో బిగించడం. పిన్నులు ఎప్పుడూ పెదాల మధ్య పట్టుకుని ఉండేది. మాట్లాడాల్సి వస్తే వాటిని తియ్యకుండానే ఒక పక్కనుంచి మాట్లాడేది. అందుకని ఆమె పిన్నులక్క అయింది. తనకంటే పెద్దవాళ్ళకి కూడా అక్కే. కంపెనీ మొత్తానికి ఆమె అక్క కాబట్టి వరసకి ఇతను బావ. ఆ లెక్కన రాణిగారు ఇతన్ని బావగారూ అనేది, పిన్నులక్క వింటున్నప్పుడు మరీ గట్టిగా అనేది.

స్కూటరు పోయాక మొగుడూ పెళ్ళాలు హాలుకి నడిచి వెళ్ళేవాళ్ళు. అతని భుజాన సంచి, సంచిలో లెన్సు. "మనిద్దరం నడుస్తున్నాం, మహాతల్లి మాత్రం భుజమెక్కి వస్తోంది చూడండి" అనేది ఆమె. అన్నాక ఊరుకుందా అంటే లేదు, రాజుగారి అంగీకి తెచ్చిన ముఖమల్‌లో మిగిలిన ముక్కతో ఆ లెన్సుకి ఒక తొడుగు కుట్టింది. లోపల మెత్తటి అస్తరు, మూతికి తాడు, అంచున సన్నటి జరీ. "సవతికి గౌను కుట్టే ఆడదాన్ని నన్నే చూస్తారు మీరు" అని చేతిలో పెట్టింది. ఆ జరీ ఇవాళ్టికీ చెక్కు చెదరలేదు.

ఇక వాళ్ళు పనిచేసే తీరు చెప్పాలి, ఎందుకంటే కథంతా అందులోనే ఉంది. వేషాల గదికీ స్టేజీకీ మధ్య ఒక సన్నటి నడవ. ఆ నడవలో గరుకు అద్దాల కిటికీ ఒకటి. సాయంత్రం వెలుగు అందులోంచి వడగట్టినట్టు పడుతుంది. కిటికీ ఎదురుగా నేల మీద తెల్ల టేపుతో అతనే ఒక అడ్డగుర్తు వేసుకున్నాడు. నటులు రంగు పూసుకుని, వేషం కట్టుకుని, స్టేజీ మీదికి వెళ్తూ ఆ గుర్తు మీద కాసేపు నిలబడాలి. అప్పటికి వాళ్ళు సగం మనుషులు, సగం పాత్రలు. వాళ్ళని ఎక్కువసేపు నిలబెట్టడానికి లేదు, రెండో బెల్లు మోగిందంటే పట్టపగ్గాలుండవు. కాబట్టి వాళ్ళు రాకముందే వెలుగు చూసుకుని, ఫోకస్ చూసుకుని సిద్ధంగా ఉండాలి. దానికి ఎవరో ఒకరు గుర్తు మీద నిలబడాలి కదా. ఆ ఎవరో ఒకరు పిన్నులక్క.

"ఏమోయ్, వచ్చి నిలబడు" అనేవాడు. ఆమె చేతిలో పని చేతిలోనే పట్టుకుని వచ్చి నిలబడేది. టిక్కుమనిపించేవాడు. కెమెరా వెనక తెర మీద చూసేవాడు. అతను చూసింది వెలుగు. ముక్కు పక్క నీడ ఎంత, బుగ్గ మీద మెరుపు ఎంత, కంట్లో కిటికీ ప్రతిబింబం పడిందా లేదా. ఆమె మొహాన్ని చూస్తున్నాననే స్పృహ అతనికి ఉండేది కాదు. చూడటం అవగానే బొటనవేలు దానంతటదే చెరిపేసే మీట మీదికి పోయేది. "వెలుగు సరిపోయింది, ఇక తప్పుకో" అనేవాడు. ఆమె తప్పుకునేది.

ట్రయల్ బొమ్మల్ని దాచకూడదనేది అతనికి పని నేర్పిన గురువు పెట్టిన నియమం. ఆయన స్టూడియోలో ఒకసారి ఒక కంపెనీ యజమాని నిలువెత్తు ఫోటోకి బదులు, వెలుగు చూడటానికి నిలబెట్టిన వాచ్‌మన్ ఫోటో ప్రింటుకి వెళ్ళి, చక్కటి ఫ్రేములో యజమాని ఇంటికి చేరిందట. అప్పటినుంచి ట్రయల్ తియ్యి, చూడు, చెరుపు. ఒంటికన్నుకి అది పళ్ళు తోముకోవడమంత అలవాటైంది.

అసలు నటులు గుర్తు మీదికి వచ్చాక పిన్నులక్క పని అయిపోయేది కాదు. వాళ్ళ వెనక నిలబడి హుక్కులు పెడుతూనో, భుజం మీద బట్ట సర్దుతూనో ఉండేది. "బొమ్మలో పడతానేమో, పక్కకి వెళ్ళనా?" అని మొదట్లో అడిగింది. "అక్కర్లేదు, అక్కడే ఉండి నీ పని చూసుకో. ఎలాగూ కరిగిపోతావు" అన్నాడు. ఆ మాటకి ఆమె చాలాసేపు నవ్వింది. ఆ తర్వాత ఎవరు అడ్డొచ్చినా, "ఉండండి, మా ఆయన కరిగించేస్తాడు" అనేది.

అలా ఏళ్ళు గడిచాయి. పిల్లలు లేరు. ఆ సంగతి వాళ్ళిద్దరూ ఎప్పుడో మాట్లాడుకుని, ఏడవాల్సింది ఏడ్చి, మూసేశారు. ఇంటికి వచ్చేసరికి ఇద్దరికీ కాళ్ళు పీకేవి. ఇద్దరూ కలిసి టీ తాగుతూ, ఆ రోజు ఎవరి మీసం ఊడిందో, ఎవరు ఎవరి డైలాగు చెప్పేశారో తలుచుకుని నవ్వుకునేవాళ్ళు. ఫోనుతో ఫోటోలు తీయడం ఆ ఇంట్లోనే కాదు, కంపెనీలోనూ నిషేధం. "ఫోనుతో తీసింది ఫోటో కాదు, సాక్ష్యం" అని ఒంటికన్ను ఒక తీర్పు చెప్పేశాడు. ఆమె దాన్ని ఎదిరించలేదు. ఎదిరించి ఉంటే ఎంత బాగుండేది.

ఒక్కసారి మాత్రం అడిగింది. కొత్త నాటకంలో రాణిగారికి ఎర్ర పట్టు అంగరఖా కుట్టింది. ఇద్దరిదీ ఒకే ఒళ్ళు కాబట్టి ఏది కుట్టినా ముందు తనే తొడుక్కుని చూసుకునేది. ఆ సాయంత్రం అది తొడుక్కునే వచ్చి గుర్తు మీద నిలబడింది. ఇతను టిక్కుమనిపించి, తెర మీద చూస్తున్నాడు. ఆమె పక్కకి వచ్చి, అతని మోచేతి మీదుగా తొంగి చూసింది.

"ఏవండీ, ఈ ఒక్కటి ఉంచండి. బాగా వచ్చిందనిపిస్తోంది."

"ఏం బాగు? ముక్కు మీద వెలుగు గట్టిగా పడింది. ఇంకా మొహానికి రంగు లేదు, నెత్తిన కిరీటం లేదు. సగం వేషం."

"సగం వేషమైతే సగం బొమ్మ ఉంచండి."

"సాయంత్రం పనిలో వేళాకోళం వద్దోయ్. వెలుగు సరిపోయింది, ఇక తప్పుకో." బొటనవేలు తన పని తను చేసేసింది.

"సరే లెండి, ఎప్పుడో పూర్తి వేషం కట్టుకునే వస్తా" అని ఆమె పిన్నులు పెదాల మధ్య పెట్టుకుని వెళ్ళిపోయింది. కోపం రాలేదు ఆమెకి. వచ్చినా కనిపించనివ్వలేదు. ఆ చలికాలం వెళ్ళేలోగా ఆమెకి జ్వరం వచ్చింది, ఆసుపత్రిలో చేర్చారు, అక్కడినుంచి ఇంటికి రాలేదు.

ఒంటికన్ను హాలుకి వెళ్ళడం మానేశాడు. స్టూడియోలో మొహాలు తీస్తూ, ఇంటికి వచ్చి పడుకుంటూ ఉండేవాడు. ఆమె ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఎక్కడో ఒకచోట నేల మీద పిన్ను పడి ఉండేది, అతని అరికాల్లో దిగేది, అతను ఇల్లెగిరిపోయేలా అరిచి చెప్పులు వెతుక్కునేవాడు. ఇప్పుడు ఇంట్లో చెప్పులు వేసుకోవడం మానేశాడు. మంచం కింద, కుట్టుమిషను చుట్టూ, వంటగది గడప దగ్గర వట్టి కాళ్ళతో తిరిగేవాడు, ఒక్కటైనా గుచ్చుకుంటుందేమోనని. ఆమె ఎంత శుభ్రమైన మనిషో అప్పుడు తెలిసింది.

కొన్ని నెలలకి కంపెనీ మేనేజరు స్టూడియోకి వచ్చాడు. కొత్త నాటకం మొదలుపెడుతున్నామనీ, మొదటి ప్రదర్శన రోజున వేషాల గదిలో అక్క ఫోటో పెట్టాలని అందరూ అనుకున్నామనీ చెప్పాడు.

"పెద్దది కావాలండీ. గుమ్మంలోంచి లోపలికి రాగానే కనపడాలి. మీకు నేను చెప్పేదేముంది, ఇంటినిండా ఉంటాయిగా."

"ఉన్నాయి, ఉన్నాయి" అన్నాడు ఒంటికన్ను.

మేనేజరు అటు వెళ్ళగానే దుకాణం మూసి ఇంటికి పరిగెత్తాడు. ఉంటాయనే అనుకున్నాడు పాపం. ఊరందరి మొహాలూ తీసినవాడి ఇంట్లో సొంత పెళ్ళాం మొహం ఉండదని ఎవరు మాత్రం అనుకుంటారు? బీరువాలోంచి పెళ్ళి ఫోటో బయటికి తీశాడు. రిజిస్ట్రారు ఆఫీసులో ఆమె వంగి సంతకం పెడుతుండగా గురువుగారు తీసింది. అందులో నున్నగా దువ్విన తల, తిన్నటి పాపిడి తప్ప మొహమనేది లేదు. ఆమె గుర్తింపు కార్డు వెతికి పట్టుకున్నాడు. అది ప్రభుత్వంవాళ్ళే తీసిన ఫోటో. అందులో ఉన్నది తను కాదని ఆమె బతికున్నప్పుడే తేల్చి చెప్పింది. ఇక కంప్యూటర్లో నాటకాల ఫోటోలు. రాజులు, రాణులు, రాక్షసులు, విదూషకులు, వేలకు వేలు. అందరి వెనకా ఒక మసక. ఒకచోట పసుపు మసక, ఒకచోట నీలం మసక. ఆ రోజు ఆమె ఏ రంగు బట్టలు కట్టుకుంటే ఆ రంగు.

అతని బుర్రకి అప్పుడు ఎక్కింది తను చేసిన పని. ఆమె వెనకుంటే కరిగించి దాచాడు. ఎదురుగా నిలబడితే తేటగా తీసి చెరిపేశాడు. ప్రతి నటుడి కంటే ముందు, ప్రతి సాయంత్రం, ఆ గొప్ప లెన్సు ఎవరి కంటి మీద మొదట నిలిచిందో ఆ మనిషి బొమ్మ ఒక్కటి లేదు. అంగరఖా తొడుక్కున్న బొమ్మ అతనికి కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. నుదుటి మీద పడిన వెంట్రుక, కింది పెదవి మీద పిన్ను నొక్కుకున్న గుర్తు, ఏదో అడగబోతున్నట్టు కాస్త ఎత్తిన గడ్డం. లోకంలో ఆ బొమ్మ చూసింది ఇద్దరు. ఒకరు లేరు. రెండోవాడి చేతిలో అది ఒక్క క్షణం నిలిచింది. ఆ క్షణం మళ్ళీ ఇస్తే చాలు, స్టూడియో రాసిచ్చేస్తానని గోడలతో అన్నాడు.

మర్నాడు కెమెరా మెమరీ కార్డులన్నీ మూటగట్టి కంప్యూటర్లు బాగుచేసే కుర్చీ మెకానిక్ దగ్గరికి వెళ్ళాడు. నడుం నొప్పి వల్ల కుర్చీతో సహా గదంతా దొర్లుతూ తిరుగుతాడని అతనికి ఆ పేరు. చెరిపేసినవి ఒక్కోసారి బతికొస్తాయని ఒంటికన్ను విని ఉన్నాడు. సాయంత్రందాకా అక్కడే బెంచీ మీద కూర్చున్నాడు.

"వీటి మీద మళ్ళీ మళ్ళీ రాసేశారండీ" అన్నాడు మెకానిక్ చివరికి. "గోడకి ఇన్నిసార్లు సున్నం కొట్టి, అడుగున ఏం రాసుందో చదవమంటే నేనేం చదవను? ఒకే ఒక్కటి, అది కూడా పైన కాస్త వచ్చింది. చూస్తారా?"

కుర్చీ దొర్లించుకుంటూ పక్కకి జరిగాడు. తెర మీద పైభాగాన బొమ్మ, కిందంతా బూడిదరంగు. ఆ పైభాగంలో నున్నగా దువ్విన తల, తిన్నటి పాపిడి, నుదురు, కనుబొమల మొదలు. అక్కడితో సరి.

"కిందికి ఇంకొంచెం లాగలేవా నాయనా? కళ్ళదాకా?"

"ఉన్నది అంతేనండీ. దాచుకుని నేనేం చేసుకుంటాను?"

ఒంటికన్నుకి నవ్వొచ్చింది. పెళ్ళి ఫోటోలో పాపిడి, ఇక్కడా పాపిడే. మధ్యలో ఉన్న కాపురమంతా ఎటు పోయింది? నవ్వుతూనే ఉన్నాడు, ఆపుదామంటే ఆగలేదు. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో మెకానిక్‌కి తెలియలేదు గాని, మంచినీళ్ళ సీసా తెచ్చి పక్కన పెట్టి, దుకాణం తలుపు దగ్గరగా వేసి, తను బయట నిలబడ్డాడు. నడుం నొప్పి మనిషి, అయినా నిలబడ్డాడు.

ఆదివారం పొద్దున్నే రాణిగారు ఇంటికి వచ్చింది. కొత్త నాటకానికి ఫోటోలు తీయడానికి వస్తాడో రాడో కనుక్కు రమ్మని కంపెనీ పంపింది. ఆవిడ లోపలికి అడుగుపెట్టగానే ఇతను చెప్పేశాడు.

"లేదమ్మా."

"ఏం లేదు? టీ పొడా?"

"ఫోటో. మీ అక్క ఫోటో నా దగ్గర లేదు. ఒక్కటి కూడా."

రాణిగారు వేళాకోళమనుకుంది. మొహం చూశాక అనుకోవడం మానేసింది. ఇతను ఉన్నదున్నట్టు చెప్పాడు, చెరిపేసిన సంగతి, పాపిడి సంగతి, అన్నీ. కంప్యూటరు తెరిచి చూపించాడు. "ఇదిగో, ఇది నువ్వు. కిందటి రాణి వేషం. నీ రెప్ప వెంట్రుకలు చూడు. ఇదుగో వెనక, ఈ నీలం మరక, అది మీ అక్క. ఇదీ నా పనితనం."

రాణిగారు తన బొమ్మ వంక చూసుకోలేదు. నటులు అలా చూసుకోకుండా ఉండటం చిన్న విషయం కాదు. కుర్చీ దగ్గరికి లాక్కుని నీలం మరక వంకే చూసింది.

"మరకేంటి బావగారూ? అక్కే కదా. నోట్లో పిన్నులు పెట్టుకుని నవ్వాపుకుంటోంది. ఎడమ భుజం ఎత్తి పెట్టింది చూడండి, నా వెనక హుక్కు ఎప్పుడూ అలాగే పెట్టేది."

"నీకు తెలుసు కాబట్టి కనపడుతోంది."

"అక్క తెలియనివాళ్ళు వేషాల గదికి ఎందుకొస్తారు?" అని, తెర మీద వేలు పెట్టి, "అక్క ఎటు చూస్తోందో చూశారా?" అంది.

"హుక్కు పెడుతోంది కదా."

"హుక్కు పెట్టేవాళ్ళు హుక్కు వంక చూడాలి. ఈ రెండూ కళ్ళు కావూ?"

మసకలో రెండు మెత్తటి నల్లటి చుక్కలు. రెండూ సూటిగా ఇటే ఉన్నాయి. పక్కకి తిరిగిన మొహమైతే ఒక చుక్కే కనిపించేది, వంచిన తలైతే ఒక్కటీ కనిపించేది కాదు. ఫోటోగ్రాఫరుకి ఒకరు చెప్పాల్సిన సంగతి కాదది. తెర మీద ఇంకో బొమ్మ తెరిచాడు, రాక్షసుడు, వెనక పసుపు. రెండు చుక్కలూ ఇటే. విదూషకుడు, వెనక ఆకుపచ్చ. ఇటే. చేతులు ఎవరి భుజం మీదో, ఎవరి నడుం దగ్గరో ఉన్నాయి. మొహం మాత్రం ప్రతిసారీ కెమెరా వైపే. కరిగిపోతానని ముందే తెలుసు ఆమెకి. అయినా మీట నొక్కే వేళకి తలెత్తి అతని వంక చూసింది, ఏళ్ళ తరబడి, ఒక్కసారీ తప్పకుండా. అతను ఆ వేళకి ఒక కన్ను మూసుకుని, రెండో కంటితో ఇంకెవరి రెప్ప వెంట్రుకలో చూస్తున్నాడు.

రాణిగారు లేచి వెళ్ళి టీ పెట్టింది. పొడి ఉంది.

కప్పులు తెచ్చి పెట్టాక, తెర మీద తన బొమ్మకి అడ్డంగా చెయ్యి పెట్టింది. "నన్ను కోసెయ్యండి. ఈ పక్కనుంచి ఇక్కడిదాకా. అక్కని ఉంచండి."

"నిన్ను తీసేస్తే బొమ్మలో ఫోకస్ అనేదే ఉండదు."

"ఉండకపోతే ఏమవుతుంది?"

ఫోకస్ లేని బొమ్మ అతని చేతి మీదుగా ఇంతవరకు బయటికి పోలేదు. అది అతని పరువు. ఆ రోజంతా ఆ పరువుతో కుస్తీ పట్టి, మర్నాడు కోశాడు. రాణిగారి కిరీటం, బుగ్గ, రెప్ప వెంట్రుకలు అన్నీ పోయాయి. మిగిలిన మసకని నిలువెత్తున ప్రింటు తీసి, ఫ్రేము కట్టించాడు.

మొదటి ప్రదర్శన రోజున వేషాల గదిలో దాన్ని తగిలించారు. అందరూ గుమ్మం దగ్గర మూగారు. మసకగా ఎందుకుందని ఒక్కరూ అడగలేదు. మేనేజరు మాత్రం అద్దం మీద ఆవిరి పట్టిందనుకుని జేబురుమాలుతో తుడిచాడు. తుడిచి, వెనక్కి జరిగి చూసి, రుమాలు జేబులో పెట్టుకున్నాడు. రాక్షస వేషాలాయన సగం మొహానికి రంగుతో వచ్చి, ఫోటో ముందు నిలబడి, ఆమె బతికుండగా రోజూ అనే మాటే అన్నాడు. "నవ్వకు అక్కా, పిన్ను మింగేస్తావ్." అన్నాక అతని రంగంతా పాడైపోయింది, మళ్ళీ మొదటినుంచి పూయాల్సి వచ్చింది.

ఒంటికన్ను నడవలోకి వచ్చాడు. కిటికీలోంచి వెలుగు ఎప్పటిలాగే పడుతోంది. టేపు గుర్తు ఒక అంచున లేచింది, దాన్ని బూటుతో నొక్కాడు. ముఖమల్ తొడుగులోంచి లెన్సు తీసి కెమెరాకి బిగించాడు. గుర్తు మీద ఎవరో ఒకరు నిలబడాలి. పిన్నులక్క చోట కొత్తగా కుట్టుపనికి చేరినావిడ చేతిలో సూదీ దారంతో గది గుమ్మంలో ఉంది. ఆవిణ్ణి కంపెనీ ఇంకా కొత్తావిడ అనే పిలుస్తోంది.

"అమ్మా, కాసేపు వచ్చి ఇక్కడ నిలబడతావా? వెలుగు చూసుకోవాలి."

ఆవిడ వచ్చి నిలబడింది. టిక్కుమంది. అతను చూసుకున్నాడు. ముక్కు మీద వెలుగు కాస్త గట్టిగానే పడింది. బొటనవేలు మీట మీదికి పోయింది. అక్కడ ఆగింది.

"అయిపోయిందాండీ? వెలుగు సరిపోయిందా?" అంటూ కొత్తావిడ గుర్తు మీదినుంచి కదలబోయింది.

"తప్పుకోకు" అన్నాడు. గొంతు పెద్దదైపోయింది. ఆవిడ ఉలిక్కిపడింది. "తప్పుకోకమ్మా. ఒక్క క్షణం అలాగే ఉండు. ఇది వెలుగు కోసం కాదు, నీ కోసం. నీకు పిల్లలున్నారా?"

"పాప ఉందండీ. బడికెళ్తోంది. నాకెందుకండీ ఫోటో? రంగు లేదు, వేషం లేదు."

"పాపకి ఇవ్వు. దాచుకోమను."

కొత్తావిడ నుదుటి మీద పడ్డ వెంట్రుక వెనక్కి తోసుకుని, గడ్డం కాస్త ఎత్తింది. నడవ చివర రాణిగారు కిరీటం సర్దుకుంటూ, రెండో బెల్లు మోగుతున్నా ఏమీ అనకుండా నిలబడి ఉంది. ఒంటికన్ను కెమెరా ఎత్తి, అలవాటు ప్రకారం ఎడమ కన్ను మూశాడు. మూసిన కంట్లోంచి నీళ్ళు ఆ ముడతల వెంబడి కారి, చొక్కా కాలరు మీద పడుతున్నాయి. కుడి కంటికి పని ఉంది కాబట్టి అతను దాన్ని తడవనివ్వలేదు.